ముందు జవాబు, తర్వాతే ట్యాగు

ఇంగ్లీషు గ్రామర్ పుస్తకాల్లో ‘క్వశ్చన్ ట్యాగ్స్’ అనే పాఠం తప్పకుండా ఉంటుంది. ఒక వాక్యమిచ్చి, కామా పెట్టి, చివర ఖాళీ వదులుతారు. ‘షి ఈజ్ ఎ డాక్టర్’ అని ఉంటే పిల్లలు ‘ఇజెంట్ షి?’ అని నింపాలి. మనం కూడా సాయంత్రం వాళ్లను కూర్చోబెట్టి ఆ ఖాళీల గురించే అడుగుతాం, ఎన్ని కరెక్టయ్యాయని. అయితే ఆ పాఠంలో ఖాళీలకు అందని భాగం ఒకటుంది. అలాంటి ప్రశ్న ఎవరైనా మన పిల్లల్నే అడిగితే వాళ్లు ‘ఎస్’ అనాలా, ‘నో’ అనాలా? బయటి ప్రపంచంలో వాళ్లకు ఎక్కువగా అవసరపడేది ఇదే. దీన్ని ఇంట్లో తల్లిదండ్రులు చక్కగా నేర్పవచ్చు. ఇంగ్లీషు అంతగా రాని అమ్మానాన్నలు కూడా నేర్పవచ్చు.

పిల్లల తప్పు కాదు

తెలుగులో మనకు ‘కదా’ ఒక్కటి చాలు. నువ్వు వస్తున్నావు కదా, వాళ్లు వెళ్లిపోయారు కదా, రేపు సెలవు కదా, అన్నం ఇంకా ఉడకలేదు కదా. మనిషి మారినా, కాలం మారినా, అవునన్నా కాదన్నా ‘కదా’ మారదు. హిందీ వాళ్ల ‘హై నా’, కన్నడిగుల ‘అల్వా’, ఫ్రెంచి వాళ్ల ‘నెస్‌పా’ కూడా ఇంతే. ఇంగ్లీషులో మాత్రం వాక్యవాక్యానికీ ట్యాగు కొత్తగా తయారు చేసుకోవాలి. హెల్పింగ్ వెర్బ్ ఏదో చూసుకోవాలి, కర్తకు తగిన ప్రొనౌన్ వెతుక్కోవాలి, అవునన్న వాక్యానికి కాదన్న ట్యాగు, కాదన్న వాక్యానికి అవునన్న ట్యాగు తగిలించాలి. ఇదంతా మాట నోట్లోంచి వచ్చేలోపు జరిగిపోవాలి. అందుకే మన పిల్లలు, పెద్దలు కూడా, అన్నిటికీ ‘ఇజెంట్ ఇట్?’ అనేస్తారు. భారతీయుల ఇంగ్లీషులో ఇది బాగా పాతుకుపోయిన అలవాటని భాషాశాస్త్రవేత్తలు ఎప్పుడో గుర్తించారు. లండన్ కుర్రకారు కూడా ‘ఇన్నిట్’ అనే ఒక్క ముక్కను అన్ని వాక్యాలకూ తగిలిస్తారు.

పుట్టుకతోనే ఇంగ్లీషు వినే పిల్లలకూ ఇది తొందరగా పట్టుబడదు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బ్రౌన్ ముగ్గురు పసిపిల్లల మాటల్ని వాళ్ల ఇళ్లలోనే చాలాకాలం రికార్డు చేయించాడు. కెమిల్ హాన్లన్‌తో కలిసి ఆయన 1970లో ప్రచురించిన పరిశీలనలో, పిల్లలకు ప్రశ్నలు, కాదనే వాక్యాలు విడివిడిగా వచ్చాకే, చాలా ఆలస్యంగా, ట్యాగులు వస్తాయని తేలింది. అందాకా వాళ్లు ‘రైట్?’ వంటి చిన్న మాటలతోనే నెట్టుకొస్తారు. మన పిల్లవాడు తడబడితే మందబుద్ధి అనుకోనక్కర్లేదు, ట్యూషన్ మార్చనక్కర్లేదు. ఆ పాఠమే కష్టమైనది.

అడిగిన మాటకు కాదు, జరిగినదానికి జవాబు

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ‘నిన్న నువ్వు బడికి వెళ్లలేదు కదా?’ అని తెలుగులో అడిగితే, వెళ్లని పిల్లవాడు ‘అవును, వెళ్లలేదు’ అంటాడు. మీరన్నది నిజమే అని ఒప్పుకుంటున్నాడన్నమాట. మన ‘అవును’ అడిగినవాళ్ల మాటను చూసి పుడుతుంది. ఇదే ప్రశ్న ఇంగ్లీషులో ‘యూ డిడెంట్ గో టు స్కూల్, డిడ్ యూ?’ అని వస్తే జవాబు ‘నో, ఐ డిడెంట్’. ఇంగ్లీషు ‘ఎస్’, ‘నో’ రెండూ అడిగినవాళ్ల మాటను పట్టించుకోవు. జరిగిందా లేదా అన్నదాన్నే చూస్తాయి. వెళ్లి ఉంటే ‘ఎస్’, వెళ్లకపోతే ‘నో’. ప్రశ్న ఏ రూపంలో వచ్చినా సరే.

మీ పిల్లలకు ఈ రెండు ప్రశ్నలూ చెప్పి చూడండి. ‘యూ ఆర్ ఫ్రమ్ గుంటూరు, ఆరెంట్ యూ?’, ‘యూ ఆరెంట్ ఫ్రమ్ గుంటూరు, ఆర్ యూ?’ మొదటిదాన్లో అడిగినాయన మనది గుంటూరనుకుంటున్నాడు, రెండోదాన్లో కాదనుకుంటున్నాడు. గుంటూరు పిల్లవాడు రెండిటికీ ‘ఎస్, ఐ యామ్’ అనే చెప్పాలి. వరంగల్ పిల్లవాడు రెండిటికీ ‘నో, ఐ యామ్ నాట్’ అనే చెప్పాలి. ప్రశ్న తిరగబడినా జవాబు కదలదు. ఈ ఒక్క సంగతి పిల్లలకు ఎక్కితే పాఠంలో సగం వచ్చినట్టే.

పొరపాటు జరిగితే ఏమవుతుందో కూడా చెప్పండి. ఎక్కడో విదేశంలో డాక్టరు ‘యూ ఆరెంట్ అలర్జిక్ టు పెన్సిలిన్, ఆర్ యూ?’ అని అడుగుతాడు. పెన్సిలిన్ పడనితనం లేదు కదా అని. ఆ మందు శుభ్రంగా పడే మనిషి, తెలుగు అలవాటు కొద్దీ, ‘అవునండీ, ఏమీ లేదు’ అనే ఉద్దేశంతో ‘ఎస్’ అంటే, డాక్టరు అలర్జీ ఉందని రాసుకుంటాడు. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లిన తల్లిని విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారి ‘యూ డోంట్ హేవ్ ఎనీ ఫ్రూట్స్, డూ యూ?’ అంటాడు. పళ్లేమీ తేలేదు కదా అని. ఆవిడ తలూపి ‘ఎస్’ అంటే పళ్లు ఉన్నాయని అర్థం. పెట్టె తెరిపిస్తారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, దాచలేదు. అయినా చెప్పింది ఒకటి, ఎదుటివారికి చేరింది ఇంకొకటి. ఉద్యోగం ఇంటర్వ్యూలోనూ, కాలేజీ అడ్మిషన్ దగ్గరా, ఫోన్‌లో బ్యాంకువాళ్లతోనూ ఇలాంటి ప్రశ్నలే వస్తాయి.

‘యూ డోంట్ మైండ్, డూ యూ?’ అన్నది ఇంకొక మెలిక. మీకేం అభ్యంతరం లేదు కదా అని అడుగుతున్నారు. అభ్యంతరం లేకపోతే ‘నో, నాట్ ఎట్ ఆల్’ అనాలి. మర్యాద కోసం ‘ఎస్, ఎస్’ అని ఆత్రంగా తలూపితే అభ్యంతరం ఉందనుకుంటారు.

అందుకే నేను చెప్పే మొదటి సలహా ఇది. ట్యాగు కట్టడం కంటే ముందు జవాబు చెప్పడం నేర్పండి. ‘అమ్మమ్మ ఈజ్ కమింగ్, ఇజెంట్ ఇట్?’ అని పిల్లవాడంటే వినేవాళ్లకు అర్థమవుతుంది, పరీక్షలో మాత్రం మార్కు పోతుంది. జవాబు తప్పితే మాట మొత్తం తారుమారవుతుంది.

తెలుగు అలవాటే ఆసరా

దీనికి మందు మన భాషలోనే ఉంది. ‘నాన్న వచ్చాడా?’ అంటే మనం చాలాసార్లు అవును, కాదు అనం. ‘వచ్చాడు’ అంటాం, లేకపోతే ‘రాలేదు’ అంటాం. క్రియనే తిరిగి చెప్తాం. తెలుగువాళ్లకు ఇది ఊపిరి తీసుకున్నంత సహజం. ఆ అలవాటునే ఇంగ్లీషులోకి తీసుకెళ్లమని పిల్లలకు చెప్పండి. ఉత్త ‘ఎస్’, ఉత్త ‘నో’ దగ్గర ఆగిపోకుండా ‘హి డిడ్’, ‘హి డిడెంట్’, ‘ఐ యామ్’, ‘ఐ కాంట్’ అని క్రియతో ముగించమనండి. ముందు క్రియను మనసులో అనుకోవాలి. అందులో ‘నాట్’ లేకపోతే దాని ముందు ‘ఎస్’, ‘నాట్’ ఉంటే దాని ముందు ‘నో’. ‘ఎస్, ఐ డిడెంట్’ అనేది ఇంగ్లీషులో పొసగదు. ఈ ఒక్క గుర్తు పెట్టుకుంటే ఎంత మెలికపడ్డ ప్రశ్నకైనా తడుముకోకుండా జవాబివ్వవచ్చు. ఒకవేళ తొందరలో ‘ఎస్’ తప్పుగా దొర్లినా, వెనకాలే ‘ఐ డిడెంట్’ అన్న మాట వస్తే ఎదుటివాళ్లు ఆగి మళ్లీ అడుగుతారు. అందుకే తల ఊపి ఊరుకోవద్దని, పూర్తి మాట చెప్పమని నేర్పాలి.

గొంతు చెప్పే సంగతి

రాసిన కాగితం మీద కనపడనిది ఇంకొకటుంది, గొంతు. ‘ఇట్స్ హాట్, ఇజెంట్ ఇట్’ అని చివర గొంతు దించితే అది నిజానికి ప్రశ్న కాదు. ఎండగా ఉందని ఇద్దరికీ తెలుసు, మాట కలుపుతున్నారంతే. చివర గొంతు పైకి లేస్తే అడిగినవారికి నిజంగానే అనుమానముంది, జవాబు కావాలి. మన ‘కదా’ కూడా ఇలాగే పలుకుతుంది. ‘ఎండలు మండిపోతున్నాయి కదా’ అనేటప్పుడు గొంతు కిందికి దిగుతుంది. ఊరెళ్తూ ‘గ్యాస్ కట్టేశావు కదా?’ అనేటప్పుడు పైకి లేస్తుంది. ఈ రెండు వాక్యాలూ తెలుగులో పలికించి, అదే గొంతుతో ఇంగ్లీషు వాక్యాలు పలికించండి. గొంతు దించి అన్నదానికి ‘ఎస్, ఇట్ ఈజ్’ అంటూ ఒక ముక్క కలిపితే సంభాషణ సాగుతుంది. గొంతు లేపి అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పాలి.

ట్యాగు కట్టే పద్ధతి

జవాబులు కుదురుకున్నాక ట్యాగులకు రండి. మూడు పనులు వరసగా చేయించండి. ఒకటి, వాక్యంలో హెల్పింగ్ వెర్బ్ వెతకడం. ఈజ్, ఆర్, వాజ్, హాజ్, కెన్, విల్ వంటిదేదైనా కనపడితే దాన్నే ట్యాగులోకి తీసుకోవాలి. ఏదీ కనపడకపోతే డూ, డజ్, డిడ్‌లలో కాలానికీ కర్తకూ సరిపోయేది పెట్టాలి. ‘రవి ప్లేస్ క్రికెట్, డజెంట్ హి?’ రెండు, పేరుకు బదులు ప్రొనౌన్. రవికి హి, సీతకు షి, పుస్తకానికి ఇట్, పిల్లలకు దే. మూడు, అవునుకు కాదు, కాదుకు అవును.

పిల్లలు ఎక్కువగా తప్పేది హెల్పింగ్ వెర్బ్ పొట్టిగా మారి దాక్కున్నచోట. ‘హీజ్ టాల్’లో దాక్కున్నది ఈజ్, కాబట్టి ‘ఇజెంట్ హి?’ ‘హీజ్ గాన్ హోమ్’ అని ఊరు వెళ్లిపోయినవాడి గురించి చెప్తే దాక్కున్నది హాజ్, కాబట్టి ‘హాజెంట్ హి?’ ‘షీడ్ లైక్ టీ’లో ఉన్నది వుడ్, ‘షీడ్ బెటర్ గో’లో ఉన్నది హాడ్. పొట్టి మాటను విడదీసి పూర్తిగా రాయించాకే ట్యాగు పెట్టించండి. చాలా తప్పులు అక్కడికక్కడే ఆగిపోతాయి.

‘నాట్’ లేకపోయినా కాదనే అర్థమిచ్చే మాటలు ఇంకొన్ని ఉన్నాయి. నెవర్, నోబడీ, నథింగ్, హార్డ్లీ, సెల్డమ్. వీటి తర్వాత ట్యాగులో ‘నాట్’ రాదు. ‘హి హార్డ్లీ స్పీక్స్, డజ్ హి?’ ‘నోబడీ కేమ్, డిడ్ దే?’ నోబడీ, ఎవ్రీవన్ వంటి మాటలు ఏకవచనంలా కనపడినా ట్యాగులో ‘దే’ వస్తుంది. ‘ఫ్యూ’ అంటే దాదాపు లేనట్టే కాబట్టి ట్యాగు అవునన్నట్టు ఉంటుంది. ‘ఎ ఫ్యూ’ అంటే కొన్ని ఉన్నట్టు కాబట్టి ట్యాగు కాదన్నట్టు ఉంటుంది.

ఇక కంఠస్థం చేయక తప్పనివి కొన్నే. ‘ఐ యామ్ లేట్’కు ‘ఆరెంట్ ఐ?’ ‘లెట్స్ గో’కు ‘షల్ వీ?’ ‘ఓపెన్ ద డోర్’ వంటి పని చెప్పే మాటకు ‘విల్ యూ?’ ‘దేర్ ఈజ్ సమ్ రైస్ లెఫ్ట్’కు ‘ఇజెంట్ దేర్?’ ఇవి ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటిస్తే చాలు. ‘ఇజెంట్ ఇట్’ ఎప్పుడూ తప్పే అని మాత్రం పిల్లల్ని భయపెట్టకండి. ‘ఇట్ ఈజ్’ అన్న వాక్యానికి, ‘దిస్ ఈజ్’ అన్న వాక్యానికి అదే సరైన ట్యాగు.

ఇంట్లో చేయించే సాధన

రోజూ భోజనాల దగ్గర ఐదు నిమిషాలు చాలు. మీకు ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనే అడగండి. ‘అన్నయ్య ఇంకా రాలేదు కదా?’ అని మీరంటే, పిల్లలు ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పి, దానికి జవాబు కూడా ఇంగ్లీషులో చెప్పాలి. అలా చేశారా లేదా చూడటానికి మీకు ‘ఎస్’, ‘నో’, ‘నాట్’ అనే మూడు మాటలు తెలిస్తే చాలు. ‘ఎస్’ వెనకాల ‘నాట్’ గానీ, ‘డిడెంట్’లో ఉన్నట్టు దాని పొట్టి రూపం గానీ వినపడితే ఆపి, ‘ఇంకోసారి చెప్పు నాన్నా’ అనండి. తెలుగు ఒక పేజీలో, ఇంగ్లీషు ఎదుటి పేజీలో ఉండే పాఠ్యపుస్తకాలు ప్రభుత్వ బడుల పిల్లల దగ్గర ఉంటాయి. అందులో తెలుగు వాక్యం మీరు చదివి ‘కదా’ చేర్చితే, ఇంగ్లీషు వాక్యానికి ట్యాగు వాళ్లు చేరుస్తారు.

తర్వాత తప్పు వాక్యాలు చెప్పండి, కావాలనే. ‘నీకు పదేళ్లు కదా?’, ‘ఇవాళ ఆదివారం కదా?’, ‘నీకు మామిడిపళ్లు ఇష్టం లేదు కదా?’ ఎనిమిదేళ్ల పిల్ల ‘నో, ఐ యామ్ నాట్. ఐ యామ్ ఎయిట్’ అనాలి. మామిడిపండంటే ప్రాణమిచ్చే పిల్లవాడు ‘ఎస్, ఐ డూ!’ అని మీ మాటను కొట్టిపారేయాలి. కాదన్న ప్రశ్నను ‘ఎస్’తో ఖండించడం మన పిల్లలకు అన్నిటికంటే కష్టం. ఆటలో అయితే హాయిగా వస్తుంది. పెద్దవాళ్లన్న మాటను కాదనడంలో వాళ్లకు దొరికే సంతోషం ఈ సాధనకు బలం.

ఈ సాధన సంగతి వేరు, మామూలుగా మాట్లాడేటప్పుడు మాత్రం మధ్యలో ఆపి దిద్దకండి. ఇందాక చెప్పిన బ్రౌన్, హాన్లన్‌లు తల్లుల మాటల్నీ గమనించారు. పిల్లలు చెప్పింది నిజమైతే, వ్యాకరణం ఎంత వంకరగా ఉన్నా తల్లులు అవునన్నారు. తన తల్లి మగపిల్లవాడు కాదు, ఆడపిల్ల అని చెప్పబోయి ఒక పాప తల్లిని మగవారికి వాడే ప్రొనౌన్‌తో ప్రస్తావించింది. తల్లి సరే అంది. వాక్యం చక్కగా ఉండి విషయం తప్పయినప్పుడే ఆ తల్లులు దిద్దారు. ఆ పిల్లలకు భాష రాకుండా పోలేదు. మీరూ అలాగే చేయండి. ‘అమ్మమ్మ ఈజ్ కమింగ్ టుమారో, ఇజెంట్ ఇట్?’ అని పిల్లవాడంటే, ముందు ‘ఎస్, షి ఈజ్’ అని అతని ప్రశ్నకు జవాబివ్వండి. ఆ తర్వాత పక్కనున్న వాళ్ల నాన్నతో ‘షి ఈజ్ కమింగ్ టుమారో, ఇజెంట్ షి?’ అనండి. సరైన రూపం చెవిన పడుతుంది, పిల్లవాడి మనసు చిన్నబోదు. చుట్టాల ముందు నవ్వితే మాత్రం వాడు ఇంగ్లీషులో నోరు విప్పడమే మానేస్తాడు.

మన ప్రశ్నలు మనమే చూసుకోవాలి

చివరగా, పిల్లల పాఠం నుంచి పెద్దలు తీసుకోవలసిన పాఠం ఒకటుంది. ట్యాగు ప్రశ్నలో జవాబు ముందే ఉంటుంది. అడిగేవారు ఎటు మొగ్గుతున్నారో వినేవారికి తెలిసిపోతుంది. ఈ సంగతి న్యాయశాస్త్రానికీ తెలుసు. 1872 నాటి సాక్ష్య చట్టంలోనూ, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ జవాబును సూచించే ప్రశ్నలకు హద్దులున్నాయి. వకీలు తన సాక్షిని తాను విచారించేటప్పుడు, వివాదంలో ఉన్న విషయం గురించి ‘నువ్వు ఆ రోజు అక్కడే ఉన్నావు కదా?’ అని అడిగితే అవతలి వకీలు అభ్యంతరం చెప్పవచ్చు. పెద్దవాళ్ల సాక్ష్యాన్నే అలాంటి ప్రశ్న ఒకవైపు నెడుతుందని చట్టం భావిస్తే, పసివాళ్ల సంగతి ఆలోచించండి.

‘పరీక్ష బాగా రాశావు కదా?’ అని గుమ్మంలోనే అడిగితే, బాగా రాయని పిల్లవాడికి రెండే దారులు. మన ఆశను కాదని నిజం చెప్పడం, లేదా ‘ఆఁ’ అని లోపలికి వెళ్లిపోవడం. చాలామంది రెండోది ఎంచుకుంటారు. ‘బడిలో నిన్నెవరూ ఏమీ అనలేదు కదా?’ అని ఆత్రంగా అడిగితే, ఏదో జరిగిన పిల్ల కూడా మన భయం చూసి ‘ఏం లేదమ్మా’ అంటుంది. నిజం తెలుసుకోవాలనుకున్నప్పుడు ‘కదా’ తీసేసి అడగండి. ‘పరీక్ష ఎలా జరిగింది?’, ‘ఇవాళ బడిలో ఏమేం జరిగాయి?’ అనండి. చెప్పేదాకా ఓపిక పట్టండి. ‘కదా’ను ఎండ గురించి, వాన గురించి, సినిమా గురించి, కబుర్లకు దాచుకోండి.

ఇంగ్లీషులో ట్యాగు ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలంటే, అడిగినవాళ్లు ఏం ఆశిస్తున్నారన్నది పక్కనపెట్టి, ఏం జరిగిందన్నది చూడాలి. ఎదుట ఉన్నది టీచరైనా, డాక్టరైనా, అధికారైనా సరే. ఆ ధైర్యం గ్రామర్ పుస్తకంలో రాదు, ఇంట్లో కాదనడానికి చోటున్నప్పుడు వస్తుంది. అందుకే తల్లిదండ్రులందరికీ నా మనవి. ఈ వారం నుంచే భోజనాల దగ్గర ఆ ఐదు నిమిషాలూ కేటాయించండి. మీ పిల్లలు ‘నో, ఐ డిడెంట్’ అని మీ కళ్లలోకి చూసి చెప్పగలిగినప్పుడు కోప్పడకండి, మెచ్చుకోండి.